తలుపు దగ్గర తవ్వే కుక్క

ఆ కుక్కని ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన వద్దనలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చెప్పకుండా ఏది తెచ్చినా, కుర్చీ అయినా కూజా అయినా, రెండు రోజులు దాని చుట్టూ తిరిగి వంకలు పెట్టే మనిషి. నా నడుము దాకా వచ్చే కుక్కని, ముందు కాళ్ళకి కట్లతో, ఆటోలోంచి దించి వరండాలో పడుకోబెడితే కాసేపు చూసి, "నీళ్ళు పెట్టు" అన్నాడు. లోపలికెళ్ళి స్నానం చేసి మళ్ళీ షాపుకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆయన మీద నాకెంతో గౌరవం కలిగింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

మాది జగ్గయ్యపేట. బజార్లో ఆయనకి ఎరువులు, పురుగుమందుల షాపు. నేను నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తా. రోజూ పొద్దున ఏడున్నరకి పేటలో బస్సెక్కి, నందిగామలో దిగి, అక్కణ్ణించి ఆటోలో వెళ్తా. ఆటో వెళ్ళే దారిలోనే ఒక పత్తి మిల్లు ఉంది. గింజ తీసి దూది బేళ్ళు కట్టే మిల్లు. నలుగురు భాగస్తులు, అందులో మా ఆయన ఒకరు. ఆ ఏడాది పత్తి రాక తగ్గగానే నలుగురూ పోట్లాడుకున్నారు, మిల్లు మూతపడింది. ఆ గొడవలేంటో ఆయన చెప్పేవాడు కాదు. నేనూ అడిగేదాన్ని కాదు.

ఒక సోమవారం, మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గంజి వారుస్తూ, "మిల్లులో కుక్క ఒకటే ఏడుపండీ టీచర్‌గారూ. నిన్న సాయంత్రం తాళం పడింది. అది లోపలే ఉండిపోయినట్టుంది" అంది.

"వాచ్‌మన్ ఉంటాడుగా" అన్నా.

"ఏమోనండీ, మనిషైతే కనపడ్డం లేదు."

మంగళవారం మా ఆటో మిల్లు గేటు దగ్గర ఎవర్నో దింపడానికి ఆగింది. అప్పుడు నాకే వినబడింది. అరుపు కాదు. రేకుని దేనితోనో గీకుతున్న చప్పుడు, మధ్యమధ్యలో సన్నటి మూలుగు. ఫస్ట్ పీరియడ్ నాదే. దిగలేదు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆయనతో చెప్పా, "మీ మిల్లులో కుక్క ఉండిపోయిందంట, లోపల్నుంచి గీకుతోంది" అని. పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆగలేదు. "వాచ్‌మన్ చూసుకుంటాడులే" అన్నాడు. ముందురోజు నేనన్న మాటే ఆయనా అన్నాడు కాబట్టి అదే నిజమనుకున్నా.

బుధవారం స్కూల్లో ఇన్‌స్పెక్షన్. కుక్క సంగతి మర్చిపోయానని చెప్పుకోవచ్చు. కానీ మర్చిపోలేదు.

గురువారం వంటావిడ నేను ఆటో దిగగానే ఎదురొచ్చింది. "అరుపు ఆగిపోయిందండీ" అంది. ఆ మాట విన్నాక మాత్రం క్లాసులో నిలబడలేకపోయా. భోజనాల వేళ ఆవిడా, గునపం పట్టుకుని ఆవిడ భర్తా, నేనూ మిల్లు వెనక్కి వెళ్ళాం. వంటావిడ భర్త గోడౌన్ గోడ రేకు ఒకటి పెళ్ళగించాడు. లోపల దూది దుమ్ము, భరించలేని వాసన. మూల ఒక కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. దాని వల్లే బతికింది. పెద్ద తలుపు కింద సిమెంటు గచ్చు మూరెడు వెడల్పున గీసుకుపోయి ఉంది, దాని మీద ఎండిన నెత్తురు. కుక్క ఆ తలుపుకి ముక్కు ఆనించి పడుకుని ఉంది. ముందు కాళ్ళ గోళ్ళు సగం లేవు. బూడిద రంగు, వెడల్పాటి ఛాతీ, ఏదో పెద్ద జాతిదని చూడగానే తెలుస్తోంది. మమ్మల్ని చూసి తోక కదిపింది. ఆ తోక కదపడం నేను తట్టుకోలేకపోయా. అందుకే నందిగామ పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టించి, అక్కణ్ణించి ముప్పై కిలోమీటర్లు ఆటో మాట్లాడుకుని ఇంటికి తెచ్చా. జాలి అని అందరితో చెప్పా. ఇంకొకటి కూడా ఉంది, దాని పేరు ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలు వరండాలోనే ఉంది. పెరుగన్నం, గుడ్లు, మందులు. పుండ్లు మానాయి. ఎండలు ముదిరాయి, ఒంటిపూట బడులు మొదలయ్యాయి. వరండా నిప్పుల కుంపటిలా ఉందని దాన్ని ముందు గదిలోకి మార్చా. నేను ముందు వెళ్ళిపోతే, తొమ్మిదింటికి ఆయన ఇంటికి తాళం వేసుకుని షాపుకి వెళ్ళేవాడు.

మొదటి రోజు నేను తిరిగొచ్చి తలుపు తీస్తే గదిలో ఏమీ కనపడలేదు, అంతా దూది. దివాన్ మీది బూరుగు దూది పరుపు నిలువునా చీరి, లోపలిదంతా బయటికి తోడేసింది. రెండో రోజు తలుపు కింది చెక్క. మా మామగారు చేయించిన టేకు తలుపు అది. మూడో రోజు నేల. మాది పాత ఇల్లు, ముందు గదిలో నాపరాళ్ళు పరిచి ఉంటాయి. గడప పక్కన రాళ్ళ మధ్య సిమెంటు ఊడగొట్టి, ఒక బండ లేపి, కింది ఇసుకంతా గది మధ్యలో కుప్ప పోసింది. మానిన గోళ్ళు మళ్ళీ పగిలాయి.

నేను చేసినవన్నీ రాస్తా. కేకలేసా. పేపర్ చుట్టి కొట్టా. పేపర్ సరిపోక చీపురు తిరగేసి కొట్టా. కొడుతుంటే కదలకుండా చెవులు వెనక్కి పెట్టుకుని పడుకునేది, నేను ఆపగానే లేచి నా చెయ్యి నాకేది. కిటికీ ఊచకి గొలుసుతో కడితే, గొలుసు అందినంత మేర గోడ పెచ్చులు రాల్చింది. పక్కింటావిడ కారం చల్లమంది. మా వైపు కారానికి కొరతేముంది. తలుపు చుట్టూ గుప్పెళ్ళతో చల్లి స్కూలుకి వెళ్ళా. మధ్యాహ్నం వచ్చి చూస్తే కళ్ళు వాచి, ముక్కు కారుతూ, తుమ్ముతూ ఇంకా తవ్వుతోంది. దాని పాదాల పుండ్లలోకి కారం పోయి ఉంది. బక్కెట్లతో నీళ్ళు పోసి కడిగా. అది మూలుగుతోంది. నేను గట్టిగా ఏడ్చా. ఆయన భోజనానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, మా ఇద్దర్నీ చూసి, "నీకెందుకొచ్చిన బాధ, ఎవరికన్నా ఇచ్చేద్దాం" అన్నాడు. నా మీద ప్రేమతో అన్నాడనుకున్నా.

మర్నాడు సెలవు పెట్టి, తెలిసినవాళ్ళ ట్రాలీ ఆటోలో దాన్ని మళ్ళీ నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళా. డాక్టర్ చిన్నవాడే, ముప్పై దాటి ఉండవు. పాదాలు చూసి, "ఏం పోసారమ్మా వీటిలో?" అన్నాడు. చెప్పా. నన్ను తిట్టలేదు, తల మాత్రం ఎత్తలేదు.

"ఇది అల్లరి కాదమ్మా. మూసిన గదిలో పెడితే దీనికి మిల్లే గుర్తొస్తుంది. బయటికి పోవాలని తవ్వుతుంది. కొట్టేకొద్దీ భయం, భయం కొద్దీ తవ్వుడు."

"మరేం చెయ్యమంటారండీ? రోజంతా పక్కన కూర్చోలేను కదా."

"తలుపులు మూయకండి. పొద్దున్నే ఎండ రాకముందు గంటసేపు నడిపించండి, ఇంత శరీరం ఊరికే కూర్చోదు. తవ్వుకోడానికి దానికంటూ ఒక చోటివ్వండి. ఒంటరిగా ఉండటం నిమిషం నుంచి మొదలుపెట్టి నేర్పండి. ఇంకోటి, ఎప్పుడెప్పుడు తవ్వుతోందో ఒక పుస్తకంలో రాయండి. అన్నిసార్లూ కారణం ఒకటే ఉండదు."

వేసవి సెలవులిచ్చారు. నెలన్నర నాకు వేరే పని లేదు, అదే పని. పెరట్లోకి తలుపు పొద్దస్తమానం తీసి ఉంచా. వడ్రంగితో మంచమంత చెక్క చట్రం చేయించి, వేపచెట్టు నీడలో పెట్టి మునేరు వాగు ఇసుక నింపించా. అందులో ఉడికించిన గుడ్డు ముక్కలు, ఎముకలు దాచేదాన్ని. మొదట్లో అది అటు చూసేది కాదు. నేనే కూర్చుని రెండు చేతులతో తవ్వి చూపించా. పక్కింటివాళ్ళు డాబా మీంచి చూసి నవ్వుకున్నారు. వారం తర్వాత ఒక కాలు పెట్టింది. ఆ పైవారం తల దాకా ఇసుకలో దూర్చి, వెనక్కాళ్ళ మధ్య నుంచి ఇసుక చిమ్ముతూ తవ్వింది. ఇంట్లో తవ్వడం చాలా వరకు తగ్గింది.

ఒంటరితనం నేర్పడానికి గేటు దాకా వెళ్ళి వచ్చేదాన్ని. తర్వాత వీధి చివర దాకా. ఐదు నిమిషాలు, పది, అరగంట. తిరిగొచ్చాక హడావుడి చేయొద్దన్నాడు డాక్టర్, చేసేదాన్ని కాదు. నెల తిరిగేసరికి నేను కూరగాయల మార్కెట్‌కి వెళ్ళొచ్చినా నిద్రపోతూ ఉండేది.

అయినా ముందు గదిలో తవ్వడం పూర్తిగా పోలేదు. నేను ఇంట్లోనే ఉండగా, తలుపులన్నీ తీసి ఉండగా తవ్వేది. పాత హాజరు పట్టీ ఒకటి ఉంటే అందులో రాసేదాన్ని. పదిహేను రోజుల రాత వరసగా చదివితే మూడు వేళలు కనపడ్డాయి. పొద్దున తొమ్మిది. మధ్యాహ్నం ఒకటిన్నర. రాత్రి ఎనిమిది. ఆయన వెళ్ళే వేళ, తిండికి వచ్చే వేళ, షాపు కట్టేసి వచ్చే వేళ. ఆదివారాలు ఏమీ లేదు, ఎందుకంటే ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉంటాడు, రాకపోకలు లేవు.

మగవాళ్ళంటే భయమేమో అనుకున్నా. పాలు పోసే అతను వస్తే తోక ఊపుతుంది. స్కూటర్ చప్పుడేమో అనుకున్నా. పక్కింటాయనది అదే స్కూటర్, పట్టించుకోదు.

ఒక రోజు ఆయన తాళాల గుత్తి టీవీ పక్కన మర్చిపోయి, షాపు తీయడానికి గుమస్తా ఉన్నాడు కదా అని వెళ్ళిపోయాడు. నేను దుమ్ము దులుపుతూ గుత్తి ఎత్తా. బరువైనది, గలగలమంది. వంటింట్లో నిద్రపోతున్న కుక్క లేచి, నా పక్క నుంచి పరుగెత్తి, ముందు గది గడప దగ్గర తవ్వడం మొదలెట్టింది. తలుపు బార్లా తీసి ఉంది. ఒక అడుగు వేస్తే బయట ఎండ. తెరిచిన తలుపు ముందు నిలబడి, బయటికి పోయే దారి కోసం నేల తవ్వుతోంది.

అది సద్దుమణిగాక నా తాళాలు ఆడించి చూసా. కదల్లేదు. బీరువా తాళాలు. కదల్లేదు. కాసేపాగి మళ్ళీ ఆయన గుత్తి, ఒక్కసారి, మెల్లగా. లేచి పరుగెత్తింది. జీవశాస్త్రం టీచర్ని, ఇంకేం రుజువు కావాలి నాకు?

మర్నాడు మధ్యాహ్నం ఆయన పెరుగన్నంలోకి వచ్చేదాకా ఆగా.

"ఆ గుత్తిలో మిల్లు తాళంచెవి ఉందా?"

"ఉంది. నలుగురి దగ్గరా ఉంటాయి."

"ఆ ఆదివారం తాళం వేసిందెవరు?"

పెరుగన్నంలో ఇంకొంచెం ఉప్పు కలుపుకున్నాడు. తర్వాత కంచంలోకి చూస్తూనే, "నేనే" అన్నాడు.

నేను నిలబడే ఉన్నా. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. "మిగతా ముగ్గురూ బేళ్ళు లారీకెత్తిస్తారని తెలిసింది. పరుగెత్తుకెళ్ళి వాచ్‌మన్ని పంపించేసా, వాడు వాళ్ళ మనిషి. కుక్క గోడౌన్లో ఉంది, పిలిస్తే రాలా, మీదకొచ్చింది. పొద్దున ఎవర్నన్నా పంపి తీయిద్దామని నా సొంత తాళం వేసా."

"పొద్దున?"

"పొద్దున పెద్దమనుషుల్లో కూర్చున్నాం. లెక్క తేలేదాకా తాళం తీయనని అందరి ముందూ అన్నా. అన్నాక ఎలా తీస్తా? తీస్తే వాళ్ళూ లోపలికొస్తారు."

"వాచ్‌మన్ చూసుకుంటాడులే అన్నారు మీరు. మంగళవారం. అది బతికే ఉందని నేను చెప్తే. వాచ్‌మన్ని పంపించేసింది మీరే."

"అన్నా." అప్పుడు తలెత్తాడు. కోపం లేదు ఆ మొహంలో, అలసట ఉంది. "నువ్వు మాత్రం? మంగళవారమే విన్నావుగా. రోజూ ఆ గేటు ముందు నుంచేగా వెళ్ళావు. ఎప్పుడు దిగావు?"

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను ఆ కంచం సాయంత్రం దాకా తీయలేదు.

పుట్టింటికి వెళ్ళిపోదామనుకున్నా, వెళ్ళలేదు. ఎవరితోనైనా చెప్పుకుందామనుకున్నా, చెప్పుకోలేదు. ఆయనది చేసిన పాపం, నాది చూస్తూ ఊరుకున్న పాపం, రెండూ ఒకటి కాదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నా. గోడౌన్లో ఉన్నదానికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు.

పది రోజులు అవసరమైతేనే మాట్లాడుకున్నాం. ఆయన చెప్పకుండానే ఒక పని చేశాడు, గుత్తిని స్కూటర్ డిక్కీలోనే పెట్టి ఇంట్లోకి వట్టి చేతులతో రావడం మొదలెట్టాడు. తవ్వుడు తగ్గింది. కానీ జూన్‌లో బడి తెరుస్తారు, ఇంటికి తాళం వెయ్యక తప్పదు. డాక్టర్‌కి ఫోన్ చేసి తాళాల సంగతి చెప్పా. ఎవరి తాళాలో చెప్పలేదు.

"ఆ చప్పుడు వినగానే మంచి జరగాలమ్మా. ముందు దూరంగా, చిన్నగా చెయ్యండి. చేసిన ప్రతిసారీ దానికిష్టమైంది పెట్టండి. తొందరపడొద్దు" అన్నాడు.

ఆయన దగ్గర మిల్లు తాళంచెవి అడిగి తీసుకున్నా. అరచేతి పొడుగుంది. రోజుకి నాలుగుసార్లు, మొదట వంటింట్లో తలుపు చాటున, తర్వాత హాల్లో, తర్వాత దాని ఎదురుగా, ఆ తాళంచెవిని ఇంకో తాళంచెవికి తగిలించి చప్పుడు చేసి గుడ్డు ముక్క పెట్టేదాన్ని. మొదట్లో చప్పుడు కాగానే ఒళ్ళు వణికేది, గుడ్డు ముట్టేది కాదు. తర్వాత వణుకుతూ తినేది. తర్వాత చప్పుడు కాగానే నా చేతి వైపు చూసేది. బడి తెరిచే నాటికి తాళంచెవుల చప్పుడు వింటే తోక ఊపుకుంటూ వచ్చేది. ఆ భయాన్ని దాని మనసులోంచి ఒక్కొక్క గుడ్డు ముక్కతో తీసేసా. ఎవరి కోసం తీసానా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఆయన హాయిగా గలగలలాడించుకుంటూ ఇంట్లోకి రావడం కోసమే కదా.

బడి తెరిచాక మొదటి రోజు తాళం వేసింది నేనే. స్కూల్లో ఉన్నంతసేపూ పాఠం మీద ధ్యాస లేదు. ఇంటికొచ్చి చూస్తే గదిలో అంతా ఎక్కడిదక్కడే ఉంది. కుక్క ఆవులిస్తూ లేచొచ్చింది. మేస్త్రీని పిలిచి నాపరాళ్ళు మళ్ళీ పరిపించా. తలుపుకి కింద రేకు కొట్టించా.

ఆ వానాకాలం ఆయన పొద్దున పూట వరండాలో పేపర్ చదువుతూ, బిస్కెట్ ఒకటి నేల మీద పెట్టేవాడు. కుక్క దూరంగా కూర్చుని చూసేది. రోజుకి రెండడుగులు దగ్గరికి జరిగింది. ఒకరోజు ఆయన చేతిలోంచి తీసుకుంది. నేను కాఫీ తెస్తూ చూసా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నాకు జాలి వేయాల్సింది. వేయలేదు. అంత తేలిగ్గానా అనిపించింది. కుక్క మీద కూడా కోపమొచ్చింది.

ఇప్పుడు దాన్ని పొద్దున్నే నడిపించేది ఆయనే. బజార్లో అందరికీ తెలుసు, ఫలానా ఎరువుల షాపాయన, పెద్ద కుక్క. పోయిన నెల విజయవాడ నుంచి కంపెనీ వాళ్ళు ఇద్దరు ఇంటికొచ్చారు. కుక్కని చూసి, "ఏం కుక్కండీ, ఎంతకి కొన్నారు?" అన్నారు.

"కొనడమా! మా మిల్లులో ఎవరో వదిలేసి పోయారండీ" అన్నాడు మా ఆయన, దాని తల నిమురుతూ. "తిండీ నీళ్ళూ లేకుండా నాలుగు రోజులు. చూసి ఎలా ఊరుకుంటాం? ప్రాణం కదా. మేమే తెచ్చుకున్నాం. మొదట్లో ఇల్లంతా తవ్వి పోసేది. ఓపిగ్గా మాన్పించాం."

"మీది చాలా మంచి మనసండీ" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్ గారిది కూడానండీ" అన్నాడు.

ఆయన నా వైపు చూడలేదు. కుక్క ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. అసలు సంగతి చెప్పాలంటే ఆదివారం సాయంత్రం దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ మొదలుపెడితే మంగళవారం ఆటోలో కూర్చున్న నా దగ్గరికీ రావాలి. "కాఫీ చల్లారిపోతుంది, తీసుకోండి" అన్నా. వాళ్ళు తీసుకున్నారు.